చూడని గురువు

ఈ సాయంత్రం నేను మీతో ముచ్చటింపదలచినది నా గురువును గూర్చి. ఆయనను నేను చూడలేదు. ఈ మాట మొదటనే చెప్పివేయడం మంచిదని తోచింది. గురువును గూర్చి మాట్లాడేవారు సాధారణంగా తాము ఆయన పాదాలంటిన ఘడియను, ఆయన తమవంక చూచిన చూపును, ఆయన నోట వెలువడిన ఒకటి రెండు మాటలను తలచుకొని ధన్యులవుతారు. నాకట్టి భాగ్యం లేదు. నేను తిరువణ్ణామలై చేరేసరికి భగవాన్ శ్రీ రమణ మహర్షి దేహం చాలించి ఇరవై నెలలు కావచ్చింది.

అయినప్పటికీ ఆయనే నా గురువు. చూడని వ్యక్తి గురువెట్లా అవుతాడు? ఆయన చూపిన సాధన ఒక సామాన్య గృహస్థుకు, బడిలో పాఠాలు చెప్పుకొని బ్రతికే ఒక ఉపాధ్యాయునికి, ఏ విధంగా ఉపకరించింది? ఈ రెండు ప్రశ్నలకు నా అనుభవం నాకిచ్చిన సమాధానాన్ని మీముందుంచుతాను. నేను పండితుణ్ణి కాను, సిద్ధి పొందినవాణ్ణి అంతకంటె కాను. కావున దీనిని బోధగా కాక, ఒకే దారిని నడిచే ఇద్దరు బాటసారులు చెట్టునీడను కూర్చున్నప్పుడు ఒకరికొకరు చెప్పుకొనే కష్టసుఖాలుగా వినండి.

మా పెదతండ్రిగారి కుమారుడొకరు నాకంటె పన్నెండేండ్లు పెద్ద. ఆయన ఏటేటా అరుణాచలం వెళ్ళివచ్చేవారు. వచ్చినప్పుడల్లా ఆయన ముఖంలో ఒక నెమ్మది కనిపించేది. ఆ నెమ్మదికి కారణమేమిటని అడిగితే, "చెబితే తెలిసేది కాదురా, ఒక్కసారి వచ్చి చూడు," అనేవారు. నేను "అట్లాగే అన్నయ్యా, వచ్చే వేసవికి తప్పకుండా," అనేవాణ్ణి. ఆ వేసవికి చెల్లెలి పెళ్ళి వచ్చింది. మరుసటి వేసవికి ఇంటికప్పు మరమ్మతు వచ్చింది. ఆపై వేసవికి ఏమి వచ్చిందో ఇప్పుడు జ్ఞాపకం కూడ లేదు. వెళ్ళకుండడానికి కారణం ఎప్పుడూ ఒకటి సిద్ధంగానే ఉండేది.

1950 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి 8 గంటల 47 నిమిషాలకు మహర్షి శరీరం విడిచారు. నేనా వార్తను పత్రికలో చదివాను. అప్పటికి వేసవి సెలవులు ఇంకా ప్రారంభం కాలేదు. పత్రిక చేతిలో పట్టుకొని అరుగుమీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఒక మహనీయుడు నా కాలంలో, నేను రైలెక్కితే మూడోనాటికి చేరగల దూరంలో, ఎవరు వచ్చినా తలుపు వేయకుండా, అర్ధశతాబ్దికి పైగా కూర్చుండి ఉన్నాడు. నేను మాత్రం వచ్చే వేసవికి, వచ్చే వేసవికి అంటూ జీవితం గడిపివేశాను. ఆ పశ్చాత్తాపం మామూలు దుఃఖం కాదు. అది ఏడిస్తే తీరేది కాదు.

1951 డిసెంబరు సెలవులలో, ఇక చూడవలసినది ఏమీ లేదని తెలిసికూడ, ఆ పశ్చాత్తాపమే నన్ను రైలెక్కించింది. మద్రాసు మీదుగా కాట్పాడి చేరి, అక్కడ విల్లుపురం పోయే చిన్నబండి ఎక్కాను. తెల్లవారుజామున కిటికీలోనుంచి ఎవరో చేయి చాచి చూపారు. మంచులో ఒక కొండ. చుట్టూ బల్లపరుపు నేల, మధ్య ఒంటరిగా, కాలు మడిచి కూర్చున్న వృద్ధునివలె ఒక కొండ. అదే అరుణాచలం.

ఆ కొండ దగ్గరకు పదహారేండ్ల బాలుడొకడు ఎట్లా వచ్చి చేరాడో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అయినా మళ్ళీ చెప్పుకుందాం, ఈ కథ నా కథకు మూలం గనుక. తరువాత మహర్షి అయిన ఆ బాలుని పేరు వేంకటరామన్. తిరుచ్చుళిలో 1879 డిసెంబరు 30న పుట్టాడు. తండ్రి చనిపోగా మధురలో పినతండ్రి ఇంట ఉండి చదువుకుంటున్నాడు. 1896 జూలైలో ఒకనాడు, మేడమీది గదిలో ఒంటరిగా కూర్చొని ఉండగా, ఏ జబ్బూ లేకుండానే అతనికి హఠాత్తుగా మరణభయం కలిగింది. చచ్చిపోతున్నానన్న భయం. ఆ వయసువాడు మరొకడైతే కేకవేసి క్రిందికి పరుగెత్తేవాడు. వేంకటరామన్ అట్లా చేయలేదు. నేలమీద వెల్లకిల పడుకొని, కాళ్ళూ చేతులూ బిగదీసి, పెదవులు బిగించి, శవంవలె కదలక ఉండి తనను తాను ప్రశ్నించుకున్నాడు: ఈ దేహం చచ్చింది సరే, దీన్ని మోసుకుపోయి కాల్చివేస్తారు సరే, దానితో నేను కూడ పోతానా? దేహం కట్టెవలె పడి ఉన్నప్పుడు కూడ లోపల "నేను" అని స్ఫురిస్తూ ఉన్నది ఏది?

ఆ క్షణంతో అతని మరణభయం తొలగిపోయింది. మరి తిరిగి రాలేదు. ఆరు వారాలకు ఇల్లు విడిచాడు. అన్నగారి కళాశాల జీతం కట్టమని ఇచ్చిన ఐదు రూపాయలలో దారిఖర్చుకు మూడు మాత్రమే తీసుకొని, తక్కిన రెండూ ఒక చీటీతో పెట్టి బయలుదేరాడు. 1896 సెప్టెంబరు 1న అరుణాచలేశ్వరుని ఆలయం చేరాడు. మిగిలిన చిల్లర కోనేటిలో విసరివేశాడు. ఆ తరువాత దాదాపు యాభైనాలుగేండ్లు ఆ కొండను విడిచి పోలేదు.

శ్రోతలారా, ఈ కథలో నన్ను ఆకర్షించినదేమిటో చెబుతాను. భయం వచ్చినప్పుడు ఆ బాలుడు భయంనుంచి పారిపోలేదు. భయం ఎవరికి కలిగిందో వానివైపు తిరిగాడు. ఇంతే. తిరిగి చూచాడు. తరువాత ఆయన జీవితమంతా లోకానికి చెప్పినదికూడ ఈ తిరిగి చూడడమే.

సరే, నేను ఆశ్రమం చేరాను. మహర్షి ఏండ్ల తరబడి కూర్చున్న పాత హాలులో ఆయన పవళించే సోఫా ఉన్నది. దానిమీద ఆయన చిత్రపటం ఉన్నది. సమాధిమీద ఆడంబరమైన కట్టడమేదీ లేని రోజులవి. నెమళ్ళు మాత్రం ఆయన ఉన్నప్పటివలెనే ముంగిట తిరుగుతున్నాయి. సోఫాకు ఎదురుగా గోడకానుకొని కూర్చున్నాను. కండ్లు మూసుకున్నాను. ధ్యానం కుదరలేదు. కండ్లనీళ్ళు మాత్రం వచ్చాయి. ఆలస్యమైంది, ఆలస్యమైంది అని లోపల ఒకటే ఘోష.

నా ప్రక్కన మన తెలుగు దేశంనుంచి వచ్చి స్థిరపడిన ముదుసలి ఒకామె కూర్చొని ఉన్నది. నేను లేచి బయటకు రాగానే ఆమెయు వచ్చి, "ఏ ఊరు నాయనా?" అని అడిగింది. చెప్పాను. నా దుఃఖం కూడ చెప్పాను. ఆమె ఓదారుస్తుందనుకున్నాను. ఆమె ఓదార్చలేదు. వేపచెట్టుక్రింద నిలబడి, చాల మామూలుగా, వంటింటి సంగతి చెప్పినట్లు ఇట్లా అన్నది: "ఆలస్యమైందని ఏడుస్తున్నావు. ఆ ఏడుపు ఎవరికో చూడు నాయనా. ఆయన ఉన్నా నీకదే చెప్పేవారు."

నేను నిరుత్తరుణ్ణయ్యాను. రెండురోజులు ఆ మాట నన్ను విడువలేదు. మూడోనాటి ప్రాతఃకాలంలో అదే హాలులో కూర్చొని ఉండగా మళ్ళీ ఆలస్యమైందన్న తలపు వచ్చింది. ఆ తలపు వెంట పోకుండా, ఎవరికి ఈ తలపు అని మొదటిసారి వెనుకకు తిరిగాను. ఒక్క క్షణం. రెప్పపాటు. ఆ రెప్పపాటులో దుఃఖమూ లేదు, ఆలస్యమూ లేదు. హాలులోని గడియారం చప్పుడు వినిపిస్తున్నది. అంతే. మరుక్షణం మనస్సు మళ్ళీ బయలుదేరింది. కాని ఆ రెప్పపాటు చాలింది. గురువు నాకు దొరికాడని తెలిసింది.

మహర్షి చెప్పిన సాధనను ఇప్పుడు వీలైనంత సులువుగా చెప్పడానికి ప్రయత్నిస్తాను. దక్షిణార్కాటు జిల్లా రెవెన్యూశాఖలో ఉద్యోగి శివప్రకాశం పిళ్ళై అనే జిజ్ఞాసువు 1902 ప్రాంతాన విరూపాక్ష గుహలో ఉన్న మహర్షివద్దకు పోయి, నేనెవరను అని అడిగాడు. మహర్షి అప్పుడు మౌనంగా ఉండేవారు. సమాధానాలను వ్రాసి చూపేవారు. ఆ ప్రశ్నోత్తరాలే తరువాత చిన్న పుస్తకమై ఎన్నో భాషలలోకి పోయినవి. అందులోని సారం ఇది. మనకు కలిగే ప్రతి తలపుకూ ముందు "నేను" అనే తలపు ఉన్నది. ఏ తలపు వచ్చినా, దానిని పూర్తిచేయబోక, ఇది ఎవరికి వచ్చింది అని విచారిస్తే, నాకు అని తోస్తుంది. ఆ నేను ఎవరు అని చూడబోతే మనస్సు తాను పుట్టిన చోటికి మళ్ళుతుంది.

మరొకసారి చెబుతాను, ఇది కీలకం గనుక. తలపు వస్తుంది. ఎవరికి? నాకు. ఆ నేను ఎవరు? ఇట్లా వెనుకకు మళ్ళడం. మళ్ళీ తలపు వస్తుంది. మళ్ళీ మళ్ళడం.

వినడానికి ఎంత సులువు! ఇంటికి వచ్చి ఆచరించబోతే తెలిసింది, ఎంత కష్టమో. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చన్నీళ్ళు పోసుకొని, చాప పరచుకొని కూర్చునేవాణ్ణి. మొదటి ఆరు మాసాలు నేను చేసిన పొరపాటు, నేనెవరను నేనెవరను అని ఆ మాటలనే జపించడం. అది ప్రశ్నగా గాక మంత్రంగా మారిపోయింది. మంత్రం తన దారిని తాను నడుస్తున్నది, మనస్సు తన దారిని తాను పోతున్నది. ఒకటవ తరగతి పిల్లవాడు ఎక్కాలు వల్లెవేస్తూ కిటికీలోనుంచి తూనీగను చూచినట్లున్నది నా ధ్యానం. రెండవ పొరపాటు, ఏదో కనిపించాలని ఎదురుచూడడం. ఎవరో జ్యోతి కనిపించిందన్నారు. ఎవరో నాదం వినిపించిందన్నారు. నాకేమీ కనిపించలేదు, వినిపించలేదు. నిద్ర మాత్రం వచ్చేది. నా అర్హతనే శంకించుకున్నాను.

మూడవ పొరపాటు అన్నింటికంటె పెద్దది. ఒక సంఘటన చెబుతాను. ఒకనాటి ఉదయం నేను ధ్యానంలో ఉండగా పొయ్యిమీద పాలు పొంగి పొరలిపోయాయి. నా భార్య పెరట్లో నీళ్ళు తోడుతున్నది. చమురు వాసన, మాడు వాసన గదిలోకి వచ్చాయి. నేను లేచి వెళ్ళి పాలు దించవచ్చు. దించలేదు. కూర్చొన్న చోటనుంచే కోపంతో కేకలు వేశాను. ఆమె పరుగెత్తుకొని వచ్చి, పాలగిన్నె దించి, పొయ్యి తుడిచి, తరువాత నా గదిగుమ్మంలో నిలిచి నెమ్మదిగా అన్నది: "ఏమండీ, మీరు వెతుకుతున్నది మీకు దొరికితే, దానిలో కొంచెం మాకూ దొరుకుతుందని అనుకున్నాను."

ఆ మాట నాకు రెండవ ఉపదేశం. నా ధ్యానం నా ఇంటివారికి శిక్షగా పరిణమించిందని అప్పుడు గ్రహించాను. శాంతిని ఒక ఆస్తివలె కూడబెట్టుకొనబోయాను. దానికి గోడ కట్టబోయాను. గోడనెవరు తాకినా కోపం వచ్చింది. పాలు పొంగినప్పుడు పొంగిన కోపం ఎవరికి వచ్చిందని నేను అడుగలేదు. చాపమీద అడుగుతున్న ప్రశ్నను వంటింటి గుమ్మం దాకనైనా తీసుకుపోలేదు.

మహర్షి వంటింటిని గూర్చి అప్పుడే జ్ఞాపకం వచ్చింది. ఆశ్రమంలో చాలాకాలం ఆయన తెల్లవారక ముందే లేచి వంటశాలలో కూర్చొని కూరలు తరిగేవారు. పచ్చళ్ళకు రుబ్బేవారు. తొక్కలూ తొడిమలూ పారవేయనిచ్చేవారు కాదు, పశువులకు పెట్టించేవారు. పంక్తిలో తనకొకటి, ఇతరులకొకటి వడ్డించడం సహించేవారు కాదు. ఒక సంగతి నాకు చాలా ఇష్టం. కొండమీద తిరిగేటప్పుడు ముండ్లకొమ్మ ఒకటి కోసి, ముండ్లు గీకి, కణుపులు చదును చేసి, గరుకు ఆకుతో గంటలతరబడి రుద్ది నున్నని చేతికర్రగా తయారుచేశారు. ఇంతచేసి, దారిన పోయే ఒక పసులకాపరి బాలుడు తన కర్ర పోయిందని దిగాలుగా ఉంటే, దానిని వానికిచ్చివేశారు. అంత ఓపికతో చేసిన వస్తువు, అంత సులువుగా విడిచిన చేయి! ధ్యానమంటే ఇదికూడ. పనిలో మనస్సంతా ఉండడం, పని పూర్తికాగానే నాదన్న పట్టు లేకపోవడం.

సాధనను గూర్చి మహర్షి చెప్పే పశువు ఉపమానం మన పల్లెవారికి ఇట్టే బోధపడుతుంది. దొంగమేతకు అలవాటుపడిన ఎద్దు ఊరిచేలమీద పడుతుంది. దానిని కొట్టి కట్టివేస్తే పలుపు తెంచుకొని మళ్ళీ పోతుంది. పచ్చగడ్డి చూపి, బుజ్జగించి, కొట్టానికి తీసుకురావాలి. మొదట ఒక పరక తింటుంది. మళ్ళీ పారిపోతుంది. మళ్ళీ తీసుకురావాలి. నాలుగునాళ్ళకు ఇంటిమేత రుచి తెలుస్తుంది. ఆ తరువాత విప్పి విడిచినా పొరుగుచేనుకు పోదు.

ఈ ఉపమానాన్ని నేను ఎన్నోమారులు చదివాను. కాని దీనిలోని దయ చాలాకాలానికిగాని నాకు తెలియలేదు. పశువు పారిపోవడం దోషమని ఇందులో ఎక్కడా లేదు. పారిపోవడం దాని అలవాటు. తీసుకురావడం మన పని. మనస్సు చెదిరినప్పుడల్లా నా ధ్యానం చెడిపోయిందని నేను కుమిలిపోయేవాణ్ణి. చెదిరిందని తెలిసిన ఆ క్షణమే మళ్ళీ వచ్చిన క్షణం గదా! అరగంటలో నూరుమార్లు మనస్సు పోతే, నూరుమార్లు తిరిగి వచ్చాను. పోవడం ఓటమి కాదు. తిరిగి రావడమే సాధన. ఈ ఒక్క మాట నా ప్రసంగంలోనుంచి మీరు జ్ఞాపకముంచుకుంటే చాలు. తిరిగి రావడమే సాధన.

ఇప్పుడు నా జీవితంలో నాకు అత్యంత విలువైన అనుభవమొకటి చెబుతాను. 1956లో మా అమ్మకు పక్షవాతం వచ్చింది. మంచంలో పడింది. పగలు నా భార్య చూచేది. రాత్రిళ్ళు నావంతు. అమ్మకు నిద్రపట్టేది కాదు. అరగంటకొకసారి, "తెల్లవారిందా నాయనా?" అని అడిగేది. "లేదమ్మా, పడుకో," అనేవాణ్ణి. మళ్ళీ అరగంటకు, "తెల్లవారిందా నాయనా?" ఇట్లా రాత్రంతా. పగలంతా బడి, రాత్రంతా ఈ ప్రశ్న. నెలలు గడిచాయి. నాలో విసుగు పెరిగింది. ఒక రాత్రి ఆమె అడుగగానే, "తెల్లవారితే నీకు తెలియదా!" అని గట్టిగా కసిరే మాట నా నాలుకచివరకు వచ్చింది.

నాలుకచివరకు వచ్చి నిలిచింది. ఎందుకు నిలిచిందో చెప్పలేను. ఏండ్ల తరబడి చాపమీద చేసిన అభ్యాసం, ధ్యానసమయంలో ఒక్కనాడైనా ఫలమీయని ఆ అభ్యాసం, పిలువకుండానే వచ్చి నిలిచింది. ఈ విసుగు ఎవరికి? వెనుకకు తిరిగాను. అక్కడ విసుగుకు కాలుమోపే చోటు లేదు. లేచి లాంతరు వత్తి పెంచాను. అమ్మ ముఖం చూచాను. మూడునెలలుగా నేను ఆమె ప్రశ్ననే విన్నాను, ముఖం చూడలేదు. ఆమె తెల్లవారిందా అని కాలం అడగడం లేదు. చీకటిలో ఒంటరిగా చనిపోతానేమోనని భయపడుతున్నది. ఆ భయానికి ఆమెకు తెలిసిన మాటలవే.

మంచంమీద కూర్చొని ఆమె చేయి పట్టుకున్నాను. "ఇంకా లేదమ్మా. నేనిక్కడే ఉన్నాను," అన్నాను. ఆమె కండ్లు మూసుకున్నది. ఆ రాత్రి నిద్రపోయింది.

ధ్యానంవల్ల నీకు కలిగిన అనుభవమేమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. జ్యోతి కాదు, నాదం కాదు. ఒక చెడ్డమాట నాలుకచివర ఆగింది. ఆగిన ఆ జాగాలో మా అమ్మ ముఖం కనిపించింది.

మహర్షి తల్లి అళగమ్మగారు చివరి ఏండ్లలో కుమారునివద్దనే ఉన్నారు. 1922 మే 19న ఆమెకు అవసానం సమీపించినప్పుడు, ఆయన ఉదయంనుంచి రాత్రివరకు ప్రక్కను కూర్చొని, ఒక చేయి ఆమె రొమ్ముమీద, ఒక చేయి తలమీద ఉంచి కదలలేదు. సర్వం పరిత్యజించి పోయిన సన్న్యాసి అని లోకమనుకునే మహాత్ముడు తల్లిమంచం విడువలేదు. ఆమె సమాధి ప్రక్కనే నేటి ఆశ్రమం పెరిగింది. ఈ సంగతి పుస్తకంలో మునుపు చదివినదే. కాని అమ్మ చేయి నా చేతిలో ఉన్న ఆ రాత్రివరకు నేను దానిని నిజంగా చదువలేదని చెప్పాలి.

మన తెలుగువారికి ఈ గురువుతో ఉన్న అనుబంధాన్ని కూడ ఒకటిరెండు మాటలలో స్మరించకుండ ఉండలేను. బొబ్బిలి దగ్గర కలువరాయి గ్రామంలో పుట్టిన అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రిగారు, నవద్వీప పండితసభలో కావ్యకంఠ బిరుదం గడించిన మహాకవి, ఎన్నో ఏండ్లు మంత్రజపం చేసి, తపస్సు అంటే ఏమిటో తనకు తెలియలేదని 1907 నవంబరులో విరూపాక్ష గుహకు ఎక్కిపోయి, తనకంటె చిన్నవాడైన మౌని పాదాలమీద వ్రాలారు. మంత్రం జపించేటప్పుడు ఆ ధ్వని ఎక్కడనుంచి పుడుతున్నదో చూస్తే మనస్సు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు అని ఆయనకు సమాధానం లభించింది. భగవాన్ శ్రీ రమణ మహర్షి అనే నామం లోకానికిచ్చినది ఆ తెలుగు కవియే. అంత విద్య ఉన్నవాడు తెలియదని ఒప్పుకొని తలవంచగలిగాడు. ఆ వంగిన తలయే ఆయన విద్యకు కిరీటమని నేననుకుంటాను.

విద్వత్తే కావాలా అంటే, అదీ లేదు. గుంటూరు సీమలో పుట్టి, బాల్యంలోనే భర్తను పోగొట్టుకొని, ఇంటనే చదువు నేర్చుకున్న సూరి నాగమ్మగారు 1941లో ఆశ్రమానికి వెళ్ళారు. 1945నుంచి అక్కడి విశేషాలను అన్నగారికి తెలుగులో లేఖలుగా వ్రాశారు. ఆ లేఖలే నావంటి ఆలస్యపరులకు ఆ హాలు తలుపులు తెరిచి ఉంచాయి. మహాపండితుడు వెళ్ళిన దారినే ఒక చదువుల బడి ఎరుగని స్త్రీ వెళ్ళింది. దారి ఇద్దరికీ ఒకటే. నేను అని అననివారు ఎవరు?

ఇక గురువును గూర్చి ఒక మాట. ఈనాడు గురువులనేకులు. ఎవరిని నమ్మాలి అని నన్ను యువకులు అడుగుతూ ఉంటారు. ఒకరిని తూలనాడడం నాకిష్టం లేదు. నాకు తెలిసిన గుర్తు మాత్రం చెబుతాను. గురువు నిన్ను తనవైపు లాగుకొంటున్నాడా, నీవైపు త్రిప్పుతున్నాడా చూచుకో. మహర్షి ఎవరికీ చెవిలో మంత్రం చెప్పి దీక్ష ఇవ్వలేదు. వచ్చినవారిని రమ్మనలేదు, పోయేవారిని ఉండమనలేదు. చివరి రోజులలో, ఎడమచేతి వ్రణానికి నాలుగుమార్లు శస్త్రచికిత్స జరిగి దేహం శిథిలమైనప్పుడు, మమ్మల్ని విడిచిపోతున్నారని భక్తులు విలపిస్తే, తాను ఎక్కడికి పోగలనని వారినే అడిగారట. చూచినవారికి ఆయన రూపం గురువైనది. చూడనివారికి ఆయన ప్రశ్న గురువైనది. ఆలోచించిచూస్తే, రూపాన్ని చూచినవారికి కూడ కడపట మిగిలినది ప్రశ్నయే గదా.

వీలైనప్పుడల్లా ఇప్పటికీ అరుణాచలం వెళుతూ ఉంటాను. గిరిప్రదక్షిణం దాదాపు పదునాలుగు కిలోమీటర్లు. నిండుచూలాలైన రాణి నడిచినట్లు, తొందరలేకుండ, చప్పుడు లేకుండ నడవాలని మహర్షి చెప్పేవారట. మొదటిసారి నేను గబగబ నడిచి మూడుగంటలలో ముగించి గర్వపడ్డాను. ఇప్పుడు నాకు రాత్రంతా పడుతుంది. నడకలో మనస్సు ఊరికి పోతుంది, మనుమని జ్వరం దగ్గరికి పోతుంది, దిద్దవలసిన పరీక్ష కాగితాలు ఇక లేవని తెలిసికూడ వాటి దగ్గరికి పోతుంది. పోయినప్పుడల్లా, ఎవరికి? అని మెల్లగా పిలుస్తాను. వస్తుంది. మళ్ళీ పోతుంది. మళ్ళీ పిలుస్తాను. కుడిప్రక్కన కొండ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. మనం చూచినా, చూడకపోయినా.

ఆరంభించదలచినవారికి నేను చెప్పగలిగినది స్వల్పం. దీనికి హిమాలయాలకు పోనక్కరలేదు. ఇల్లు విడువనక్కరలేదు. రేపు ఉదయం పది నిమిషాలు కూర్చోండి. వచ్చిన తలపును తరుమకండి, దానివెంట పోకండి. ఎవరికి వచ్చిందని ఒక్కసారి వెనుకకు తిరగండి. తరువాత లేచి మీ పని చేసుకోండి. పనిలో కోపం వస్తే, ఎవరికి అని మళ్ళీ ఒక్కసారి. పాలు పొంగితే మాత్రం ముందు పాలు దించండి.

నా సమయం ముగియవచ్చింది. శ్రోతలారా, ఇంతసేపూ నన్ను మీరు చూడలేదు. నా గొంతు మాత్రమే మీ ఇంటికి వచ్చింది. మరొక నిమిషంలో అదికూడ ఆగిపోతుంది. మీరు రేడియో కట్టివేస్తారు. కట్టివేసిన తరువాత, మరొక పని అందుకొనేలోపల, కొంచెంసేపు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ కొంచెంసేపటిలో, నా మాటలను పక్కనపెట్టి, ఒక్క సంగతి చూడండి. ఇంతసేపూ ఈ మాటలను విన్నది ఎవరు?